సౌండు చదువు: మన తాండా పిల్లలకు నాలుగు మాటలు

(కళ్యాణదుర్గంలో జరిగిన సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన పిల్లల చదువుల మీద మాట్లాడమని సంఘం పెద్దలు అడిగారు. డీఎస్సీ గురించో, పోలీసు ఉద్యోగాల గురించో, నర్సింగ్ గురించో చెప్తామని మీరు అనుకొని ఉంటారు. అవి ప్రతి సభలో చెప్పుకుంటూనే ఉన్నాం. ఈసారి వేరే చదువు గురించి మాట్లాడతాం. ఈమధ్య మా హాస్టల్ పిల్లలు మమ్మల్ని ఎక్కువగా అడుగుతున్న ప్రశ్న ఇది: "మేడం, సౌండ్ ఇంజినీరింగ్ అంటే ఏంది? మాలాంటోళ్లు చదవొచ్చా? ఎంత ఖర్చయితుంది?" ఆదివారం చూడడానికి వచ్చిన తల్లిదండ్రులేమో ఇంకోలా అడుగుతున్నారు: "పాటలకు కూడా చదువెందుకమ్మా? మనోళ్లు పుట్టినప్పటి నుంచి పాడుతూనే ఉండారు గదా?" రెండు ప్రశ్నలూ సరైనవే. రెండింటికీ మాకు తెలిసినంతలో జవాబు చెప్తాం.

ముందే ఒక మాట. మేము స్టూడియోలో పనిచేసినవాళ్లం కాదు. బి.ఎడ్.లో భౌతికశాస్త్రం ఎలా చెప్పాలో నేర్చుకుని, ఇన్నేళ్లుగా మీ పిల్లల్ని చదివిస్తున్న వార్డెన్లం. అందుకే ఈ చదువులో సైన్సు ఎంత, సంపాదన ఎంత, మోసం ఎంత అన్నది ఒక టీచరు కళ్లతో చూసి చెప్తాం.

మన జిల్లా నుంచే మొదలుపెడదాం. గుత్తి మండలం బసినేపల్లి తాండాలో పుట్టిన ఆడబిడ్డ మంగ్లీ గారు. ఈరోజు తెలుగువాళ్లు ఉన్న ప్రతిచోటా ఆమె గొంతు వినిపిస్తోంది. 2020లో "అల వైకుంఠపురములో", 2021లో "లవ్ స్టోరీ" సినిమాల పాటలతో ఆమె పేరు తెలియని ఇల్లు లేకుండా పోయింది. అదే 2021లో ఆమె చెల్లెలు ఇంద్రావతి చౌహాన్ గారు "పుష్ప" సినిమాలో పాడిన పాట దేశమంతా మోగింది. ఒకే తాండా ఇంట్లో నుంచి ఇద్దరు అక్కచెల్లెళ్లు. మన పిల్లలు ఫోన్లో ఆ పాటలు పెట్టుకొని ఎగురుతుంటే మాకు ఎంత సంతోషమో చెప్పలేం.

అయితే పిల్లలూ, ఒక్కసారి ఆలోచించండి. ఆ గొంతు మీ ఫోను దాకా రావడానికి ఎంతమంది పనిచేసి ఉంటారు? పాడేవాళ్లు ఒక చిన్న గదిలో నిలబడతారు. ఎదురుగా పెద్ద అద్దం ఉంటుంది. అద్దానికి అవతల కూర్చొని మైకు ఎంత దూరంలో ఉండాలి, ఏ మైకు వాడాలి, గొంతు ఎంత మోతాదులో తీసుకోవాలి అని చూసేవాళ్లు రికార్డింగ్ ఇంజినీరు. వాయిద్యాలు, తాళం, కంప్యూటరు శబ్దాలు కూర్చి పాటకు ఒక రూపం ఇచ్చేవాళ్లు మ్యూజిక్ ప్రొడ్యూసరు, ప్రోగ్రామరు. అన్నిటినీ కలిపి ఏది ముందు వినిపించాలి, ఏది వెనక ఉండాలి అని తేల్చేవాళ్లు మిక్సింగ్ ఇంజినీరు. చివరికి ఆ పాట కారులోనూ, ఫోన్లోనూ, పెళ్లి పందిట్లోనూ బాగా వినిపించేలా సరిచేసేవాళ్లు మాస్టరింగ్ ఇంజినీరు. గొంతు ఒకటి, దాని వెనక చేతులు పది. గొంతు దేవుడిచ్చింది అంటాం. ఈ చేతిపని మాత్రం నేర్చుకుంటే వచ్చేది. నేర్చుకుంటే వచ్చే పని అంటే మనకూ వస్తుందనే అర్థం.

ఇంతకూ అక్కడ ఏం నేర్పుతారు? మొదటిది భౌతికశాస్త్రం. మన ఊళ్లో మొగులు పట్టగానే ఆకాశం వైపు చూస్తాం గదా. మెరుపు మెరిసినాక ఉరుము వినబడేదాకా సెకన్లు లెక్కపెట్టి మూడుతో భాగించండి. ఎన్ని వస్తే పిడుగు అన్ని కిలోమీటర్ల అవతల పడిందని లెక్క. ఎందుకంటే శబ్దం గాలిలో సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. ఈ ఒక్క లెక్క తెలిసినవాడు, పెద్ద మైదానంలో ముందు పెట్టిన స్పీకరుకూ, వెనక పెట్టిన స్పీకరుకూ మాట ఎందుకు రెండుసార్లు వినిపిస్తుందో చెప్పగలడు. వెనక స్పీకరులో శబ్దాన్ని కాస్త ఆలస్యం చేసి సరిచేయగలడు. సేవాలాల్ జయంతి సభల్లో మైకు వాళ్లు ఇబ్బంది పడేది ఇక్కడే.

రెండోది, మనిషి చెవి లెక్క. మన చెవి సెకనుకు 20 నుంచి 20,000 కంపనాల వరకు వినగలదు. నగారా దెబ్బ అడుగున ఉంటుంది. థాళీ మోత పైన ఉంటుంది. ఆడవాళ్ల పాట మధ్యలో ఉంటుంది. మూడూ ఒకేచోట పెనుగులాడకుండా ఎవరి చోటు వాళ్లకు ఇవ్వడమే ఈక్వలైజర్ పని. సీడీలో సెకనుకు 44,100 ముక్కలుగా శబ్దాన్ని కొలిచి దాస్తారు. అంత బేసి లెక్క ఎందుకంటే, ఏ కంపనాన్నైనా సరిగ్గా పట్టాలంటే దానికి రెట్టింపుకంటే ఎక్కువసార్లు కొలవాలి. 20,000కు రెట్టింపు 40,000. దానిమీద కొంచెం వెసులుబాటు. ఇది ఇంటర్ ఫిజిక్స్ దాటని విషయమే.

మూడోది, పరికరాలు. డైనమిక్ మైకు మోటుగా ఉన్నా గట్టిది. నగారా ముందర పెట్టినా తట్టుకుంటుంది. కండెన్సర్ మైకు సున్నితమైనది. ముసలమ్మ ఊపిరి కూడా పట్టుకుంటుంది. దానికి 48 వోల్టుల కరెంటు మిక్సరు నుంచే అందాలి. ఇక గెయిన్. మీ నాన్న చీనీ తోటలో డ్రిప్పు వదిలేటప్పుడు చూశారు గదా. ప్రెజరు తక్కువైతే చివరి చెట్టుకు నీళ్లు అందవు, ఎక్కువైతే పైపు ఊడిపోతుంది. గెయిన్ కూడా అంతే. తక్కువ పెడితే పాట కింద బుస్సుమనే శబ్దం వస్తుంది. ఎక్కువ పెడితే గొంతు చీలిపోతుంది. ఒకసారి చీలిన గొంతును ఎంత పెద్ద స్టూడియో అయినా పూర్తిగా బాగుచేయలేదు. రివర్బ్ అనే మాట వింటుంటారు. ఎండిపోయిన బావిలోకి తొంగి చూసి కేక వేస్తే తిరిగి వస్తుందే, అదే. దాన్ని కంప్యూటరులో ఎంత కావాలంటే అంత కలుపుతారు.

నాలుగోది చెవి సాధన. ఇది పుస్తకంలో ఉండదు. ఒకే పాటను వంద సార్లు విని, ఏ శబ్దం ఎక్కడుందో గుర్తుపట్టడం నేర్పుతారు. ఈ విషయంలో మన పిల్లలు వెనకబడి లేరు. మేకల మందలో ఏ పిల్ల ఏ తల్లిదో అరుపును బట్టి చెప్పే చెవులు మనవి. వానకు ముందు గాలి మారిన చప్పుడు పట్టుకునే చెవులు మనవి.

ఈ పని కూడా ఒకప్పుడు చదువు కాదు, ఉస్తాదు దగ్గర నేర్చుకునే పనే. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ పాడినప్పుడు మైకు కూడా లేదు, పెద్ద గొట్టంలోకి గట్టిగా పాడాల్సి వచ్చింది. 1925 తర్వాతే మైకుతో రికార్డింగు పెరిగింది. 1949లో జర్మనీలోని డెట్మోల్డ్‌లో సంగీతం, సాంకేతికం రెండూ కలిపి చెప్పే కోర్సు వచ్చింది. 1976లో ఆస్ట్రేలియాలోని సిడ్నీలో ఎస్ఏఈ అనే ఆడియో ఇంజినీరింగ్ బడి మొదలై తర్వాత చాలా దేశాలకు పాకింది. మన దేశంలో 1960లో పుణెలో ప్రభాత్ స్టూడియో ఉన్న చోటే ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ పెట్టారు. చెన్నైలో ఏ.ఆర్.రెహమాన్ గారు 2008లో కేఎం మ్యూజిక్ కన్సర్వేటరీ పెట్టారు.

ఇక మన పిల్లలు ఎక్కడ చదవొచ్చు? ముందు ప్రభుత్వ సంస్థల గురించి చెప్తాం, ఎందుకంటే రిజర్వేషన్ అక్కడ ఉంటుంది. పుణెలోని ఎఫ్‌టీఐఐలో, కలకత్తాలోని సత్యజిత్ రే ఇన్‌స్టిట్యూట్‌లో సౌండు విభాగంలో మూడేళ్ల పీజీ స్థాయి కోర్సు ఉంది. డిగ్రీ ఉండాలి, ప్రవేశ పరీక్ష రాయాలి. ఎఫ్‌టీఐఐ సౌండు కోర్సుకు ఇంటర్‌లో ఫిజిక్స్ చదివి ఉండాలని అడుగుతారు. ఈ ఒక్క ముక్క తెలియక ఇంటర్‌లో ఏదో ఒక గ్రూపు తీసుకొని, డిగ్రీ అయ్యాక ఆ తలుపు మూసుకుపోయిన పిల్లలు ఉంటారు. పదో తరగతి పిల్లలూ, ఈ చదువు మీద మనసుంటే ఎంపీసీ గురించి ఇప్పుడే ఆలోచించండి. మనకు బెంగళూరు దగ్గర. అక్కడ హెసరఘట్టలో కర్ణాటక ప్రభుత్వ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. చెన్నై తరమణిలో తమిళనాడు ప్రభుత్వ ఇన్‌స్టిట్యూట్ ఉంది. పక్క రాష్ట్రం పిల్లలకు ఎన్ని సీట్లు, ఏ నిబంధనలు అనేది ఆ ఏడాది నోటిఫికేషన్‌లో చూసుకోవాలి. ఫోన్లో ఎవరో చెప్పారని నమ్మొద్దు.

పేదింటి పిల్లలకు ఇది అందుతుందా అనే అనుమానం వస్తుంది. రసూల్ పూకుట్టి గారి పేరు వినే ఉంటారు. కేరళలో కొల్లం జిల్లాలో ఒక చిన్న పల్లె. ఇంట్లో కరెంటు లేక దీపం వెలుగులో చదువుకున్నారు. తండ్రి బస్సులో టికెట్లు ఇచ్చే మనిషి. ఎనిమిది మంది సంతానంలో ఈయన చివరివాడు. పుణె ఇన్‌స్టిట్యూట్‌లో సౌండు చదివి 1995లో బయటికి వచ్చారు. 2009లో "స్లమ్‌డాగ్ మిలియనీర్" సినిమా సౌండ్ మిక్సింగ్‌కు మరో ఇద్దరితో కలిసి ఆస్కార్ అందుకున్నారు. 1995కూ 2009కీ మధ్య 14 ఏళ్లు. ఆ అంకెను కూడా గుర్తుపెట్టుకోండి. కోర్సు అయిపోయిన రోజే ఎవరూ పిలిచి పెద్దపీట వేయరు.

ఇప్పుడు తల్లిదండ్రులు కాస్త శ్రద్ధగా వినండి. ప్రైవేటు రికార్డింగ్ బడులు నగరాల్లో చాలా ఉన్నాయి. మంచివీ ఉన్నాయి, గోడలకు నల్లటి స్పంజీ అంటించి ఫోటోలు తీసి లక్షలు వసూలు చేసేవీ ఉన్నాయి. మా హాస్టల్లో చదివి వెళ్లిన ఒక పిల్లవాడి సంగతి చెప్తాం. పేరూ, ఊరూ, ఆ బడి పేరూ అవసరం లేదు. వాళ్ల నాయన గొర్రెలు అమ్మి, చెనిక్కాయ పంట మీద అప్పు తెచ్చి ఏడాది కోర్సులో చేర్చాడు. ముప్పై మందికి ఒకటే స్టూడియో. ఆ పిల్లవాడి చేతికి మిక్సరు దొరికింది వారానికి రెండు గంటలే. ఆ ఏడు వాన రాలేదు, పంట పోయింది. రెండో వాయిదా కట్టలేకపోతే సర్టిఫికెట్ ఆపేశారు. వాడు మంచి పిల్లవాడు కాబట్టి చెడిపోలేదు. బెంగళూరులో పెళ్లిళ్లకు, సభలకు సౌండు పెట్టే ఒక మేస్త్రీ దగ్గర కేబుళ్లు మోసే పనిలో చేరాడు. ఇప్పుడు మిక్సరు దగ్గర వాడే కూర్చుంటున్నాడు. సంపాదిస్తున్నాడు, నాయన అప్పు తీరుస్తున్నాడు. కానీ ఆ సర్టిఫికెట్ ఇప్పటికీ చేతికి రాలేదు. వాడికి వచ్చిన పనిలో ఎక్కువ భాగం ఆ మేస్త్రీ దగ్గర జీతం తీసుకుంటూ నేర్చుకున్నదే.

అందుకని ఏ ప్రైవేటు బడిలోనైనా రూపాయి కట్టేముందు ఈ ప్రశ్నలు అడగండి. ఈ కోర్సుకు యూనివర్సిటీ గుర్తింపు ఉందా, లేక వాళ్ల సొంత సర్టిఫికెట్టేనా? గుర్తింపు లేకపోతే స్కాలర్‌షిప్, ఫీజు రీయింబర్స్‌మెంట్ దొరకడం కష్టం. ఒక్కొక్క విద్యార్థికి వారానికి స్టూడియోలో ఎన్ని గంటలు చేతికి ఇస్తారు? పాఠం చెప్పేవాళ్లు ఇప్పుడు ఏ పని చేస్తున్నారు? పోయిన ఏడాది చదివిన ముగ్గురు పిల్లల ఫోన్ నంబర్లు ఇస్తారా? మధ్యలో మానేస్తే ఎంత తిరిగి ఇస్తారు, కాగితం మీద రాసి ఇస్తారా? ఈ అయిదింటికి సూటిగా జవాబు చెప్పని చోట చేరొద్దు. భూమి తాకట్టు పెట్టి, జీవాలు అమ్మి సర్టిఫికెట్ కోర్సులో చేర్చొద్దు. ముందు డిగ్రీ చదవనివ్వండి. డిగ్రీ ఉంటే ప్రభుత్వ ఇన్‌స్టిట్యూట్‌కు ప్రయత్నించొచ్చు, అది రాకపోయినా చేతిలో డిగ్రీ మిగులుతుంది.

పని ఎక్కడ దొరుకుతుంది అంటారు. సినిమా ఒక్కటే కాదు. సభలు, పెళ్లిళ్లు, గుడి ఉత్సవాల లైవ్ సౌండు ఉంది. టీవీ ఛానళ్లు, ఆకాశవాణి ఉన్నాయి. సినిమాలకు, సీరియళ్లకు డబ్బింగు, షూటింగు దగ్గర మాట పట్టే లొకేషన్ సౌండు ఉన్నాయి. చదివి వినిపించే పుస్తకాలు, పాడ్‌కాస్టులు, ఆన్‌లైన్ పాఠాల ఎడిటింగ్ ఉన్నాయి. అన్నిచోట్లా నెల జీతం ఉండదు. పని ఉన్న నెల ఉంటుంది, లేని నెల ఉండదు. కరువు సీమలో పుట్టిన మనకు అది కొత్తేం కాదు గానీ, తెలిసి దిగాలి.

ఆడపిల్లల మాట. "రాత్రిళ్లు పని, మగోళ్ల మధ్యలో పని, మా పిల్లను పంపం" అని తల్లులు అంటారు. మీ భయం మాకు తెలుసు, మేమూ ఆడపిల్లల హాస్టలే నడుపుతున్నాం. తెలంగాణలో జహీరాబాద్ దగ్గర మాచ్నూర్‌లో సంఘం రేడియో అని ఉంది. మనలాగే మెట్టనేల, వాన మీద బతికే పల్లెలు. అక్కడ దళిత మహిళలు 1998 నుంచి రికార్డింగు నేర్చుకున్నారు. ప్రసారం మొదలైంది 2008 అక్టోబర్ 15న. ఆ పదేళ్లూ వాళ్లు ఊరికే కూర్చోలేదు. పాటలు, విత్తనాల ముచ్చట్లు రికార్డు చేసి, క్యాసెట్లు మహిళా సంఘాల్లో వినిపించారు. జనరల్ నర్సమ్మ గారు, ఆల్గోల్ నర్సమ్మ గారు మిక్సరు ముందు కూర్చుని ఆ రేడియో నడిపారు. మిక్సరు మీద మీటలు జరపడానికి మగ చెయ్యి, ఆడ చెయ్యి అని తేడా లేదు. తోడు, వసతి, నమ్మకమైన చోటు చూసుకుని పంపుదాం. పంపకుండా ఆపేయడం వద్దు.

ఇంకొక జాగ్రత్త అబ్బాయిలకు. ఈ పనికి మూలధనం చెవులు. 85 డెసిబెల్ శబ్దంలో ఎనిమిది గంటలు ఉండొచ్చు అంటారు. ప్రతి మూడు డెసిబెల్‌కూ ఆ సమయం సగమవుతుంది. 100 డెసిబెల్ దగ్గర పదిహేను నిమిషాలే. పెళ్లిలో డీజే బాక్సు ముందు రాత్రంతా ఎగిరే తమ్ముళ్లు ఈ లెక్క ఇంట్లో కూర్చుని వేసుకోండి. పోయిన వినికిడి తిరిగి రాదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాం. ఈ చదువు మన ఉద్యోగాల కోసమే కాదు, మన పాట కోసం కూడా అవసరం.

మన గోర్‌బోలికి సొంత లిపి లేదు. ఎరుకల మాటకూ లేదు. మన చరిత్ర అంతా గొంతులోనే ఉంది. పెళ్లికూతురు అత్తగారింటికి పోయేటప్పుడు తల్లినీ, అక్కనూ పట్టుకొని పాడే ఢావలో పాటలు పూర్తిగా తెలిసిన అవ్వలు మీ తాండాలో ఎంతమంది ఉన్నారు? లెక్కపెట్టి చూడండి. హోలీకి లేంగీ పాటలు, తీజ్ పాటలు, ఎరుకలమ్మ సోది చెప్పే తీరు, ఇవన్నీ ఎంతమందికి వచ్చు? పెళ్లిలో డీజే పెట్టినప్పుడు ఢావలో వినిపించదు. బెంగళూరుకు వలస పోయిన ఇంట్లో పిల్లలకు అవ్వ దగ్గర కూర్చునే తీరికే దొరకదు. ఒక అవ్వ పోతే ఆమెతోపాటు ఆ పాటలూ పోతాయి. ఇది మనందరికీ తెలిసిన బాధే.

ఇంతకుముందు మన మాటలను, పాటలను రికార్డు చేసింది ఎక్కువగా బయటివాళ్లే. గ్రియర్సన్ దొర భాషా సర్వే కాలంలో, 1913 నుంచి 1929 దాకా, దేశంలోని ఎన్నో భాషలను గ్రామఫోన్ ప్లేట్ల మీద పట్టారు. 1982లో మొదలైన ఒక సంగీత భాండాగారం గుర్గావ్‌లో ఉంది, పరిశోధకులు తిరిగి తిరిగి రికార్డు చేసినవి అక్కడ దాస్తున్నారు. వాళ్లు చేసింది మంచి పనే. కానీ మన అవ్వ పాటను మన పిల్లే రికార్డు చేస్తే, ఆ పాటలో మాటకు అర్థం తెలుసు. ఏది అందరికీ వినిపించొచ్చు, ఏది ఇంట్లోనే ఉండాలో తెలుసు.

చట్టం సంగతి కూడా తెలుసుకోండి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం సౌండు రికార్డింగుకు కర్త ప్రొడ్యూసరు, అంటే పూనుకొని రికార్డింగు చేయించినవాళ్లు. ఆ హక్కు 60 ఏళ్లు ఉంటుంది. పాడినవాళ్లకు వేరే హక్కు ఉంది, అది 50 ఏళ్లు. 2012లో చట్టం మార్చి, తమ ప్రదర్శనను వ్యాపారానికి వాడితే పాడినవాళ్లకు రాయల్టీ, తమ పేరు వేయమని అడిగే హక్కు ఇచ్చారు. "సారంగ దరియా" జానపదం 2021లో సినిమాలోకి వచ్చినప్పుడు, ఆ పాటను ముందు సేకరించింది ఎవరు, పాడింది ఎవరు అని టీవీల్లో ఎంత చర్చ జరిగిందో చూశాం. ఎవరిది న్యాయం అని మేము చెప్పడం లేదు. ఒకటే చెప్తున్నాం. ఫలానా తేదీన, ఫలానా తాండాలో, ఫలానా అవ్వ పాడింది అని పేరుతో సహా మన దగ్గర రికార్డు ఉంటే, రేపు ఎవరైనా ఆ పాట తీసుకున్నప్పుడు అడగడానికి చేతిలో ఆధారం ఉంటుంది. తెల్లకాగితం మీద వేలిముద్ర వేయించుకునే కాలం పోవాలంటే, మన వైపు కూడా ఈ చదువు చదివినవాళ్లు ఉండాలి.

మరి ఈరోజే ఏం చేయొచ్చు? ఫీజు లేదు, సీటు అక్కర్లేదు. మీ చేతిలో ఫోను ఉంది. వేవ్ ఫైలుగా, 48,000 శాంపిల్ రేటు, 24 బిట్‌తో రికార్డు చేసే ఉచిత యాప్ వేసుకోండి. ఒక మైకుతో గంటకు సుమారు 500 ఎంబీ అవుతుంది, వాట్సాప్‌లో పంపితే నలిగిపోతుంది కాబట్టి కేబులుతో తీసుకోండి. పొద్దున్నే, గాలి లేవకముందు, ఫ్యాను ఆపి, కోళ్లను దూరంగా తోలి రికార్డు చేయండి. రేకుల ఇంట్లో మోత ఎక్కువ, గోడలకు రెండు బొంతలు వేలాడదీస్తే చాలా తగ్గుతుంది. ఫోను మూతికి మూర దూరంలో, కొంచెం పక్కకు పెట్టండి. ఫోను ఏరోప్లేన్ మోడ్‌లో ఉండాలి. ముందు మీ గొంతుతో తేదీ, ఊరు, పాడేవారి పేరు, పాట ఏ సందర్భానిదో చెప్పండి. తర్వాత అవ్వ అనుమతి అడిగి, ఆ మాట కూడా రికార్డు చేయండి. "ఇది బయట పెట్టొద్దు నాయనా" అంటే పెట్టొద్దు. పాడేటప్పుడు మధ్యలో మాట్లాడొద్దు, అయిపోయాక ఒక నిమిషం అలాగే వదిలేయండి. అవ్వలు అసలు కథ చెప్పేది అప్పుడే. ఫైలును మూడుచోట్ల దాయండి, అందులో ఒకటి వేరే ఊళ్లో ఉండాలి.

ఎడిటింగుకు ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేరు 2000 సంవత్సరం నుంచి ఉచితంగా ఉంది. హాస్టల్ కంప్యూటరులో మేము వేయించాం. ఆదివారం సాయంత్రం గంటసేపు పిల్లలు దాని ముందు కూర్చుంటున్నారు. పాట మొదట్లో దగ్గు తీసేయడం, రెండు రికార్డింగులను ఒకే మోతాదుకు తేవడం నేర్చుకున్నారు. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకరు వాళ్ల అవ్వ పాట పట్టుకొచ్చి, అందులో వెనక వినిపించే పొట్టేలు అరుపు తీసేయాలా, ఉంచాలా అని మమ్మల్ని అడిగింది. "నీకేమనిపిస్తోంది?" అన్నాం. చాలాసేపు విని, "ఉంచుదాం మేడం, అవ్వ వాకిట్లోనే పాడింది గదా" అంది. ఏది ఉంచాలి, ఏది తీయాలి అని చెవితో విని తేల్చుకోవడం ఆ అమ్మాయికి అప్పుడే వచ్చేసింది.

సంఘం పెద్దలకు మా మూడు విన్నపాలు. ఒకటి, సంఘం తరఫున ఒక రికార్డింగు పెట్టె కొనండి. చిన్న రికార్డరు, రెండు మైకులు, స్టాండు, హెడ్‌ఫోను చాలు. తాండా తాండాకు అది తిరగాలి. రెండు, మనవాళ్లలో ఏటా ఒక అబ్బాయికి, ఒక అమ్మాయికి ప్రవేశ పరీక్షల దరఖాస్తు రుసుము, ప్రయాణం ఖర్చు సంఘం భరించాలి. సీటు వచ్చాక స్కాలర్‌షిప్ సంగతి మేము ఆఫీసుల చుట్టూ తిరిగి చూసుకుంటాం. మూడు, మన రికార్డింగులు ఎవరు వాడినా పాడినవారి పేరు వేయాలి, వారి అనుమతి ఉండాలి అని సంఘం ఒక తీర్మానం చేసి రాసిపెట్టాలి.

పిల్లలకు ఒకటే పని అప్పగిస్తున్నాం. వచ్చే సభకు ఒక్కొక్కరు ఒక్క పాట తీసుకురండి. మీ అవ్వదైనా సరే, పక్కింటి అవ్వదైనా సరే. పేరు, ఊరు, తేదీ, అనుమతితో. వాటిలో బాగా పట్టినవి ఇదే వేదిక మీద వినిపిద్దాం, పాడిన అవ్వలను పిలిచి ముందు వరుసలో కూర్చోబెడదాం.